పాట కట్టినోడికి ఏం మిగులుతుంది?

పోయిన నెల శిడ్లఘట్ట నుంచి ఒకక్క జాబు రాసింది. కన్నడ అక్షరాల్లో తెలుగు మాటలు. మన పక్క నుంచి వచ్చే జాబులు చానా మటుకు అట్లనే ఉంటాయి కాబట్టి అదేమీ వింత కాదు. ఆమె పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే షెడ్డులో పని చేస్తుంది. వేన్నీళ్ళలో నాని నాని వేళ్ళ చర్మం ఊడిపోతే పెన్ను పట్టుకోవడం కష్టమని, అందుకే అక్షరాలు వంకరగా ఉండాయని ముందే చెప్పుకుంది. కొడుకు దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల షెడ్డులో ఉండాడు. పిల్లోడు మగ్గం చప్పుడులోనే పాటలు కడతాడంట. ఊళ్ళో పెండ్లిళ్ళకు, భజనలకు పాడితే జనం మళ్ళీ మళ్ళీ అడిగి పాడించుకుంటున్నారంట. ఇప్పుడు బెంగళూరు నుంచి ఎవరో వచ్చి, నాలుగు పాటలకు ఒకేసారి ఇంత డబ్బు ఇస్తాము, ఈ కాగితం మీద సంతకం పెట్టు అన్నారంట. పిల్లోడు మగ్గం మానేస్తానంటున్నాడు.

“అన్నా, పాటలు కట్టి బతికినోళ్ళు మన పక్క ఎవరన్నా ఉండారా? ఉంటే కడాకు వాళ్ళకు ఏం మిగిలింది? వాడికి చెప్పాల” అని అడిగింది.

అక్కా, ఉండారు. దూరం పోనక్కరలేదు. చింతామణి తాలూకా కైవారంలోనే ఉండారు. తాతయ్యను మన ఇండ్లల్లో పటం కట్టి పూలు పెట్టి మొక్కుతాము కాబట్టి ఆయన్ను పాటలు కట్టే పని మనిషిగా ఎవరూ చూడరు. ఈ నెల నేను అట్లనే చూస్తాను. మొక్కేది మొక్కుకుందాం, అది వేరే.

కైవారం నారేయణ యతీంద్రులు 1726లో పుట్టి 1836లో సమాధి అయినారని మఠం వాళ్ళ లెక్క. నూటపది ఏండ్లు. ఆ లెక్కనే పట్టుకుంటే ఆయన కండ్ల ముందర జరిగినవి తక్కువ కాదు. హైదరాలీ వచ్చినాడు, పోయినాడు. టిప్పు వచ్చినాడు. 1791లో ఇంగ్లీషోళ్ళ దండు మన నంది దుర్గం కోటను కొట్టి పట్టుకునింది. 1799లో టిప్పు చనిపోతే మైసూరు ఒడెయర్లకు మళ్ళీ గద్దె వచ్చింది. 1831లో ఆ గద్దె ఉన్నట్టే ఉండి పెత్తనం మాత్రం తెల్లోళ్ళ చేతికి పోయింది. దండ్లు నడిచే దారుల్లో, పన్నులు పిండే ఊళ్ళల్లో ఈయన చేసిన పని ఏమిటంటే గాజులమ్మడం.

గాజుల మలారం చూసినోళ్ళు మనలో ఇంకా ఉండారు. రంగురంగుల గాజుల పేర్లు దారానికి గుచ్చి, గుత్తులు గుత్తులుగా కట్టి, భుజాన వేసుకుని ఊరూరు తిరగడం. బరువు ఒకటి, పగిలిపోతాయనే బెదురు ఒకటి. మట్టి దారిలో కాలు జారితే ఆ నెల సంపాదన ముక్కలు. అమ్మేది కూడా కూరగాయలు అమ్మినట్టు కాదు. అరుగు మీద కూర్చుని, ఆడమనిషి చేతిని తన చేతిలోకి తీసుకుని, ఎముక నొక్కి, నొప్పి తెలీకుండా గాజు ఎక్కించాల. ఎక్కించేటప్పుడు చిట్లితే ఆ నష్టం అమ్మేవాడిదే. ఆ కాలంలో పరాయి మగోడికి ఏ ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి పట్టుకునే హక్కు ఉండేది? గాజుల సెట్టి ఒక్కడికే. బాలింత చెయ్యి, పెండ్లికూతురి చెయ్యి, కూలికి పోయి కాయలు కాసిన చెయ్యి, అన్నీ ఆయన చేతిలోకే వచ్చేవి. చెయ్యి పట్టుకుని ఉన్నంతసేపు ఆ తల్లి ఊరకుంటుందా? అత్త సంగతి, కరువు సంగతి, చచ్చిపోయిన బిడ్డ సంగతి అన్నీ చెప్తుంది.

తాతయ్య పాటల్లో వేదాంతం ఉండాది. అందులో పెద్ద పెద్ద మాటలూ ఉండాయి. అయినా చదువురాని ముసలమ్మ కూడా అర్థం చేసుకుని పాడుతుందంటే, ఆ మాటల కింద మన ఇండ్లల్లో మాట్లాడే తెలుగు ఉన్నందుకే. ఆ తెలుగు ఆయనకు యాడ దొరికిందని అడిగితే, నేను మాత్రం అరుగుల మీద దొరికిందనే చెప్తాను. ఇది నా ఊహే. గుహలో దొరికిందనేవాళ్ళతో నాకు తగాదా లేదు.

వ్యాపారం ఆయనకు బాగా నడవలేదని ఊళ్ళో కథ. డబ్బు గట్టిగా అడగలేడు. లేనోళ్ళకు ఊరకే తొడిగేస్తాడు. ఇంట్లో భార్య, బిడ్డలు. సాయంత్రానికి మలారం ఖాళీ అయి వస్తుంది, చేతిలో దుడ్లు మాత్రం ఉండవు. ఇంటామె కోప్పడింది, ఇంటి నుంచి పొమ్మనింది అని కథ చెప్పేటప్పుడు జనం నవ్వుతారు, ఆమెను గయ్యాళిని చేస్తారు. నాకైతే ఆమె మాటే న్యాయం అనిపిస్తుంది. పొయ్యి మీద ఏం పెట్టాలో ఆమెకు కదా తెలిసేది. శిడ్లఘట్ట అక్కా, నువ్వు రాసిన జాబు కూడా అదే మాట కదా.

తరవాత పరదేశి స్వామి అనే గురువు కనిపించి ఉపదేశం చేసినాడంటారు. నోట్లో గులకరాయి పెట్టుకుని జపం చెయ్యి, అది కలకండ అయ్యే రోజున నీ పని అయినట్టు అని చెప్పినాడంట. ఊరి పక్క కొండ గుహలో కూర్చుని అట్లనే చేసినాడు, రాయి కలకండ అయింది. ఇది అందరికీ తెలిసిన కథే, దీన్ని ఇంక లాగను. 1961లో రాజ్‌కుమార్‌ గారి ‘కైవార మహాత్మె’ అనే కన్నడ సినిమా కూడా వచ్చింది.

ఇప్పుడు పాట సంగతి. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కట్టినారు. తెలుగులో ఉండేవే ఎక్కువ. కీర్తనలు, తత్వాలు, అమరనారేయణ శతకం, కాలజ్ఞానం. పాట కడాన ‘అమరనారేయణ’ అనో, కైవారం పేరు పెట్టో ముద్ర వేసేవారు. అమరనారేయణుడు కైవారం గుడిలో దేవుడు. ఆ దేవుడి పేరూ తన పేరూ కలిసిపోయినట్టు ఉంటుంది ఆ ముద్ర.

ఈ ముద్ర సంగతి పిల్లోడు గట్టిగా పట్టించుకోవాల. అచ్చు లేదు, రికార్డు లేదు, కోర్టులో దావా లేదు. పాట నోటి నుంచి నోటికి పోతుంది. ఈ ఊరి భజన గుంపు నుంచి ఆ ఊరి భజన గుంపుకు. దారిలో మాట మారుతుంది, వరస మారుతుంది, ఒక చరణం రాలిపోతుంది. అయినా కడా చరణంలో పేరు కూర్చుని ఉంటుంది. దాన్ని తీసేస్తే తాళం తప్పుతుంది, పాట కుంటుతుంది. అందుకని పాడేవాడు ఆ పేరు పలకక తప్పదు. దొంగ కూడా యజమాని పేరు చెప్పి తీరాల్సిన ఏర్పాటు అది. అన్నమయ్య వేంకటేశుడి పేరు వేసినా, త్యాగయ్య తన పేరే వేసుకున్నా ఇదే సంగతి.

త్యాగయ్య పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన 1767 నుంచి 1847 దాకా ఉన్నాయన. అంటే మఠం లెక్క ప్రకారం మన తాతయ్య బతికుండగానే తిరువయ్యారులో పాడుతూ ఉన్నాడు. ఇద్దరూ తెలుగు రాజ్యం బయటనే తెలుగు పాట కట్టినారు, ఒకాయన తమిళ దేశంలో, ఒకాయన మైసూరు సీమలో. త్యాగయ్య రాజు పిలిచినా పోలేదని, ఉంఛవృత్తి మీద బతికినాడని చెప్తారు. ఉంఛవృత్తి అంటే పాడుకుంటూ వీధిలో పోతే ఇండ్లోళ్ళు వేసే గుప్పెడు బియ్యం. పాటకు కూలి అనుకుంటే అదే కూలి. తాతయ్యకు కూడా పాట అమ్ముకుని కూడబెట్టింది లేదు. మలారం దించేసిన తరవాత ఆయన కడుపు నింపింది శిష్యులు, ఊళ్ళు.

మరి పాటకు ఏం మిగిలింది? ఆషాఢ పౌర్ణమికి కైవారం పోయి చూడండి. గురుపూజ పేరుతో మఠంలో పగలూ రాత్రీ సంగీతం నడుస్తుంది. పెద్ద పెద్ద విద్వాంసులూ వస్తారు, తంబూరా చిడతలూ పట్టుకుని పల్లెటూరి భజన గుంపులూ వస్తాయి. ఫాల్గుణ పౌర్ణమి రోజు ఆయన జయంతిని కొన్నేండ్లుగా కర్ణాటక ప్రభుత్వమే జరుపుతోంది. గాజులమ్మి దుడ్లు అడగలేని మనిషికి రెండు వందల ఏండ్ల తరవాత విధానసౌధ పూలదండ వేసింది. బాగానే ఉండాది. ఆ దండ అప్పుడు ఇంటామె మెడలో పడుంటే ఇంకా బాగుండేది.

మన జిల్లాలోనే పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప గారు చిన్నప్పటి నుంచి తమటె కొట్టినాయన. 2023లో పద్మశ్రీ ఇచ్చినారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటినాయి. మర్యాద వచ్చేది అట్ల, నిదానంగా. ఇంటి బాడుగ మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీనే వస్తుంది.

ఇంకొక సంగతి చెప్పకుండా పోలేను. ఆ అక్క జాబు కన్నడ అక్షరాల్లో ఉండాదని చెప్పినాను కదా. తాతయ్య తెలుగు పాటలు కూడా మన పక్క చానా మంది చదివేది కన్నడ లిపిలో అచ్చు వేసిన పుస్తకాల్లోనే. బాగేపల్లిలో, చింతామణిలో, గుడిబండలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మూడు తరాలుగా ఇంతే. భజనకు కూర్చున్నప్పుడు పిల్లలు కన్నడ అక్షరాలు చూసి తెలుగు పాడతారు. అవతల పక్క నుంచి హిందూపురం చుట్టాలు వచ్చినప్పుడు ఆ పుస్తకం తిప్పి చూసి, “ఇదేం తెలుగు?” అంటారు. వాళ్ళకు చదవను రాదు, పాడితే మాత్రం అర్థమైపోతుంది. తమిళ దేశంలో త్యాగయ్య పాటను తమిళ లిపిలో రాసుకుని పాడేవాళ్ళదీ ఇదే కథ. ఇట్లయినా పాట నిలిచింది అని కొందరు సంతోషపడతారు. నాకు సగమే సంతోషం. అక్షరం రాకపోతే పాత పాట పాడుకుంటాము, కొత్తది రాసుకునేవాడు తగ్గిపోతాడు. అందుకే మగ్గం దగ్గర నిలబడి తెలుగులో పాట కట్టే పిల్లోడు ఉన్నాడంటే, ఏ లిపిలో రాసినా సరే, వాడి సంగతి నాకు పెద్ద సంగతి.

2025 జులైలో నంది కొండ మీద కూర్చుని మంత్రులు బాగేపల్లికి ‘భాగ్యనగర’ అని పేరు మార్చడానికి ఒప్పుకున్నారు. ‘పల్లి’ పోతే పోయింది. ఊళ్ళో మాట పోకుండా ఉంటే చాలు.

ఇంక దూరదేశం కథ ఒకటి. ఇది ముఖ్యంగా మన మిల్లు ఇండ్లోళ్ళు వినాల్సింది. అమెరికాలో పల్లెటూరి పాటను ‘కంట్రీ’ అంటారు. గిటారు వాయిస్తూ ఇంటి కష్టం, ఊరి సంగతి, దేవుడి మాట పాడతారు. మన తత్వాలకూ దానికీ చుట్టరికం కలపొచ్చు. డోర్సీ డిక్సన్‌ అని 1897లో దక్షిణ కెరొలైనాలో పుట్టినాయన, పన్నెండో ఏట నూలు మిల్లులో పనికి చేరినాడు. తమ్ముడు హోవార్డ్‌దీ మిల్లు పనే. ఇద్దరూ కలిసి పాడేవాళ్ళు. 1936 నుంచి 1938 దాకా విక్టర్‌ కంపెనీ వాళ్ళ పాటలు రికార్డు చేసింది. నేత ఖాతాలో మనిషి పడే పాట్ల గురించి కూడా ఆయన పాటలు కట్టినాడు. ఊరి దగ్గర రోడ్డు మీద కార్లు గుద్దుకుని మనుషులు పోతే ఆ చావు మీద ఒక పాట కట్టినాడు. 1942లో రాయ్‌ ఏకఫ్‌ అనే పెద్ద పాటగాడు దాన్ని పాడితే దేశమంతా మోగిపోయింది. రికార్డు ఏకఫ్‌ది, పేరు ఏకఫ్‌ది. కట్టినోడు నార్త్‌ కెరొలైనాలో మిల్లులో నిలబడి ఉండాడు. అది నా పాట అని తేల్చుకోవడానికి ఆయన తగాదా పడాల్సి వచ్చింది. తరవాత రాజీ అయి రాబడిలో కొంత వాటా ఇచ్చినారు. మిల్లు మానేసి బతికేంత బతుకు మాత్రం దాంతో రాలేదు. ముసలితనంలో, 1960ల్లో, పాత పాటలు వెతికేవాళ్ళు వచ్చి ఆయనతో మళ్ళీ పాడించి రికార్డు చేసినారు. పసిపిల్లలు మిల్లులో పని చేసిన కాలం మీద పాట కూడా అందులో ఉండాది. 1968లో పోయినాడు.

తాతయ్య పాటలో పేరు లోపల ఉండాది. డిక్సన్‌ పాటలో లేదు. ఇద్దరి మధ్యా నాకు కనిపించే తేడా ఇదే. దేవుడి పాటలో ముద్ర వేస్తే ఒప్పుతుంది, రోడ్డు మీద చావు పాటలో ఎట్ల వేస్తాడు పాపం? అట్లాంటి పాటకు కాగితమే ముద్ర.

ఇంక కాగితం దగ్గరికి వస్తాను. పిల్లోడా, ఇది నీకు.

మన దేశంలో కాపీరైట్‌ చట్టం 1957ది. పాటలో మాటలు కట్టినోడికి ఆ మాటల మీద, వరస కట్టినోడికి వరస మీద హక్కు పుట్టుకతోనే వస్తుంది. రిజిస్టర్‌ చేస్తేనే హక్కు అనేది లేదు. చేసుకుంటే రుజువుకు పనికొస్తుంది, అంతే. ఆ హక్కు నువ్వు బతికున్నంత కాలం, నీ తరవాత ఇంకా 60 ఏండ్లు నీ వారసులకు ఉంటుంది. అంటే నీ నాలుగు పాటల మీద నీ మనవళ్ళకు కూడా అడిగే దారి ఉండాది.

హక్కు వేరేవాళ్ళకు రాసివ్వాలంటే నోటిమాట చెల్లదు, రాత, సంతకం ఉండాల. ఏ పాట, ఏ హక్కు, ఎన్నేండ్లు, ఏ ప్రాంతం, ఎంత రాబడి అనేది అందులో రాయాల. ఏండ్లు రాయకపోతే అయిదేండ్లే అని చట్టం అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఇదే చూసుకోవాల్సిన చోటు. వాళ్ళు తెచ్చిన కాగితంలో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతా’, ‘అన్ని హక్కులూ’ అనే మాటలు ఉంటే, అవి ఊరకే పడిన మాటలు కావు. చట్టం నీ పక్క ఉంచిన గడువును వాళ్ళు కొట్టేస్తున్నారన్న మాట. ఇంకొకటి, హక్కు తీసుకుని ఏడాది లోపల పాటను వాడకపోతే, కాగితంలో వేరేగా రాసుకోకపోతే, ఆ హక్కు నీకే తిరిగి వచ్చేస్తుంది.

2012లో ఈ చట్టాన్ని సవరించినారు. సినిమా పాటల రచయితలు, సంగీతం కట్టేవాళ్ళు చానా ఏండ్లు కొట్లాడితే వచ్చింది. దాని ప్రకారం పాట రాసినోడు హక్కులు రాసిచ్చినా, ఆ తరవాత పాటను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో సమాన వాటా వదులుకోలేడు. సినిమా పాటకైతే థియేటర్లో ఆడినదానికి కాకుండా మిగతా వాడకానికి, సినిమా కాని పాటకైతే ఏ వాడకానికైనా. “నాకు రాయల్టీ వద్దు” అని నీ చేత సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఆ వాటా వసూలు చేసి పంచేదానికి ఇండియన్‌ పెర్ఫార్మింగ్‌ రైట్‌ సొసైటీ అని 1969 నుంచి ఒక సంఘం ఉండాది. ఐపీఆర్‌ఎస్‌ అంటారు. పాట రికార్డు అయి బయటకు వచ్చిన రచయితలు అందులో సభ్యులుగా చేరొచ్చు.

అక్కా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. పాటలు కట్టడం మానమని నేను చెప్పను. మగ్గం మానమనీ చెప్పను. ఒకేసారి ఇచ్చే దుడ్లు చేతిలో పడితే ఆ రోజుకు బాగుంటుంది. పిల్లోడికి ఇంతవరకు ఒక్క పాట మీద కూడా నెల నెలా రాబడి రాలేదు. అది వచ్చినా ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. షెడ్డు కూలి మాత్రం వారానికి వారం లెక్కే. మానేదీ మానందీ ఆ రెండు లెక్కలు పక్క పక్కన రాసుకుని, ఇంట్లో అందరూ కూర్చుని చూడాల్సింది. నువ్వు లేకుండా వాడొక్కడే తేల్చుకునేది కాదు.

సంతకం సంగతి మాత్రం ఇప్పుడే తేల్చాల. ఈ వారం పెట్టొద్దు. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలిసినవాళ్ళ చేత తెలుగులోనో కన్నడంలోనో ముందు చెప్పించుకో. చింతామణి, శిడ్లఘట్ట కోర్టుల్లో తాలూకా న్యాయసేవా సమితి ఉంటుంది. ఆడవాళ్ళకు, తక్కువ రాబడి ఉన్నవాళ్ళకు అక్కడ వకీలు సలహా ఊరకే ఇస్తారు. షెడ్డుకు ఒక పూట సెలవు పెట్టి ఇద్దరూ కలిసి పోండి. నాలుగు పాటలూ కలిపి ఇవ్వకుండా ఒకటే ఇస్తాము, అయిదేండ్లకు ఇస్తాము, పాట వచ్చిన ప్రతిచోటా రచయిత పేరు వేయాల అని అడిగి చూడండి. వాళ్ళు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. పాట బాగుంటే ఇంకొకరు వస్తారు. పిల్లోడు తన పాటలన్నీ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోవాల, ఫోన్‌లో పాడి దాచుకోవాల. కన్నడ అక్షరాల్లో రాసినా పరవాలేదు.

పోతే, ఆషాఢ పౌర్ణమికి నేను కైవారం పోతాను. చింతామణి నుంచి బస్సు. పిల్లోడికి ఆ రోజు సెలవు దొరికితే రమ్మని చెప్పు. రాత్రి పొద్దుపోయిన తరవాత, పెద్ద విద్వాంసుల కచేరీలు అయిపోయి పల్లెటూరి గుంపులు చిడతలు తీసే వేళకు, మా గుంపుతో కూర్చోవచ్చు.